నురుగు విరిగే రోజు: చేతిపనుల మీద పరిశోధనలు చేయిస్తున్నవారికి ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, హస్తకళల మీద పిహెచ్‌డీలు చేయిస్తున్న గైడులకు, డిజైన్ కాలేజీల అధ్యాపకులకు నమస్కారాలు.

నేను శ్రీకాళహస్తిలో ఉంటాను. నాది కలంకారీ పని. కలంతో గుడ్డ మీద బొమ్మలు వేస్తాను, రంగులు కాస్తాను, ఉతుకుతాను, ఆరేస్తాను. ముప్పై ఏళ్లుగా ఇదే నా పని. మా నాయన దగ్గర నేర్చుకున్నాను. మాది తాతముత్తాతల నాటి పని అని పేపర్లవాళ్లు రాస్తుంటారు గానీ అది నిజం కాదు. మా జేజినాయన సేద్యం చేసుకునేవాడు. మా ఊళ్లో ఈ పని దాదాపు ఆగిపోతున్న కాలంలో, దేశంలో హస్తకళలను నిలబెట్టిన కమలాదేవి చట్టోపాధ్యాయ గారి చొరవతో 1957లో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. జొన్నలగడ్డ లక్ష్మయ్య గారి వంటి గురువుల చేతి కింద మళ్లీ పనివాళ్లు తయారయ్యారు. ఆ తర్వాత వచ్చిన బ్యాచ్‌ల్లో మా నాయన ఒకడు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, చదువుకున్నవాళ్లు మా జోలికి రాకండి అని నేను అనడం లేదు. చదువుకున్నవాళ్లు కొందరు పట్టించుకోకపోయి ఉంటే మా ఇంట్లో కలమే ఉండేది కాదు.

అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. మీరు మావాళ్లనుకునే రాస్తున్నాను.

ఏటా చలికాలంలో మా వీధికి డిజైన్ కాలేజీల పిల్లలు వస్తారు. క్రాఫ్ట్ డాక్యుమెంటేషన్ అంటారు. పిహెచ్‌డీ చేసేవాళ్లు విడిగా, ఒకరూ ఇద్దరూ వస్తారు. పిల్లలు మంచివాళ్లు, వాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. అరుగు మీద కూర్చుని ప్రశ్నల కాగితం తీస్తారు. రోజుకు ఎన్ని గంటలు పని చేస్తారు, నెలకు ఎంత వస్తుంది, ఇంట్లో ఎంతమంది, ఏ ఏ రంగులు వాడతారు, వేటితో చేస్తారు. మీ సమస్యలు ఏమిటి అన్న ప్రశ్న ఎప్పుడూ ఆఖరి పేజీలోనే ఉంటుంది, రెండు గీతల జాగాలో. అక్కడికి వచ్చేసరికి వాళ్ల బస్సు టైమ్ అవుతుంది.

ఇప్పుడు కసిం కుండ సంగతి చెప్పాలి. ఈ ఉత్తరానికి మూలం అదే.

కలంకారీలో నల్ల గీత గీసే ద్రవాన్ని మేము కసిం అంటాం. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం, నీళ్లు కుండలో వేసి, మూతి కట్టి, నీడన పెడతాం. అది లోపల పులుస్తుంది. కొన్నాళ్లకు పైన నురుగు కడుతుంది. వాసన మొదట తియ్యగా, తర్వాత కల్లు మాదిరి, ఆ తర్వాత ముక్కు చిట్లించేంత పుల్లగా మారుతుంది. పైకి లేచిన నురుగు ఒక రోజున విరిగి కిందికి దిగుతుంది. ఆ రోజు నుంచి మా నాయన కుండ దగ్గరికి పొద్దునా సాయంత్రం వెళ్లేవాడు. కరక్కాయ, పచ్చి ఎనుము పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ ముక్క ఒకటి ఎప్పుడూ జేబులో ఉండేది (గేదెను మా వైపు ఎనుము అంటాం). పుల్లతో ఒక చుక్క తీసి ఆ ముక్క మీద పెట్టేవాడు. పెట్టీ పెట్టగానే నల్లబడితే కసిం తయారైనట్టు. ముందు బూడిద రంగులోకి తిరిగి, తర్వాత మెల్లగా నల్లబడితే ఇంకా కాలేదు. చుక్క అంచు దాటి పాకితే నీళ్లు ఎక్కువైనట్టు, లేదా గుడ్డకు పాలు సరిగా పట్టనట్టు. ఏది తప్పో తేల్చడానికి రెండో గుడ్డ ముక్క ఉండేది, దానికి పాలు రెండుసార్లు పట్టించి ఉంచేవాడు.

ఎన్నాళ్లు పడుతుంది అని ఎవరైనా అడిగితే, ఇరవై ఒక్క రోజులు అనేవాడు. అడిగినవాళ్లకు ఏదో ఒక అంకె కావాలి కదా. ఎండాకాలంలో రెండు వారాలకే అయిపోయిన కుండలు నేను చూశాను. ధనుర్మాసంలో నెల దాటినా కాని కుండలూ చూశాను. ఇంట్లోవాళ్లం మేమెవ్వరం రోజులు లెక్కపెట్టం.

ఒక పరిశోధకుడు ఆ అంకె రాసుకున్నాడు. ఆయన ఒక్క రోజు ఉన్నాడు, కుండ మూత తీసి చూసే అవకాశం రాలేదు. ఆయన సిద్ధాంత గ్రంథంలో ‘21 రోజులు’ అని అచ్చయింది. తర్వాత వచ్చినవాళ్లు ఆ గ్రంథాన్ని ఉదహరించారు, వాళ్లను ఇంకొకరు ఉదహరించారు. ఇప్పుడు నెట్‌లో ఎక్కడ వెతికినా 21 రోజులే. మా ఊరి కుర్రవాళ్లే కొందరు ఫోన్‌లో చూసి, డిసెంబరులో పెట్టిన కుండను లెక్కపెట్టి 21వ రోజున దించి, చీరంతా గీతలు గీసుకుని, ఉతికాక నలుపు బూడిదగా తేలితే తల పట్టుకున్నారు. ఇది నా కళ్ల ముందు జరిగింది. పది రోజుల పని, ఒక చీర గుడ్డ పోయాయి.

ఆ గ్రంథాన్ని మా అమ్మాయి శోధగంగలో, అంటే పిహెచ్‌డీ గ్రంథాలు పెట్టే వెబ్‌సైటులో, వెతికి పట్టుకుంది. మొత్తం ఇంగ్లీషులో ఉంది. చదివి అర్థం చెప్పింది. మా నాయన పేరు అందులో లేదు, ఆయన అక్కడ ‘రెస్పాండెంట్ 4’, అంటే జవాబులు చెప్పిన నాలుగో మనిషి. ఈ కళాకారులకు శాస్త్రీయ కొలతలు లేవు, అలవాటు మీదా అంచనా మీదా ఆధారపడతారు అని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం అమ్మాయి చదువుతుంటే నాకు మా నాయన జేబులోని రెండు గుడ్డ ముక్కలే కళ్ల ముందు కదిలాయి. ఒక సందేహాన్ని రెండుగా విడగొట్టి, ఒకటి మార్చి ఒకటి మార్చకుండా ఉంచి, ఏది కారణమో తేల్చుకునే పద్ధతి అది. మీ ల్యాబుల్లో దానికి ఒక పేరు ఉంటుందని మా అమ్మాయి చెప్పింది. మా ఇంట్లో దానికి పేరు లేదు, పని మాత్రం ఉంది. మా నాయన పోయి మూడేళ్లయింది. తన గురించి ఏం రాశారో ఆయనకు తెలియకుండానే పోయాడు.

నేను ఒక మనిషిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆ పరిశోధకుడు ఎవరో, ఏ యూనివర్సిటీయో చెప్పదలుచుకోలేదు. ఆయనకు ఇచ్చిన గడువు, డబ్బు, ఆయన గైడు అడిగిన ప్రశ్నలు అలాంటివి. మూడు జిల్లాల్లో వందమంది కళాకారులను కలవాలి అని పెడితే, ఒక్కొక్కరి దగ్గర ఒక్క రోజు కంటే ఎవరు ఉండగలరు? వందమందిని ఒక్కో రోజు చూసినవాడికి నురుగు విరగడం కనపడదు. ఒక్కరి దగ్గర నెల రోజులు కూర్చున్నవాడికి కనపడుతుంది.

మా అమ్మాయి టెక్స్‌టైల్స్‌లో ఎం.ఎస్సీ. చేసింది. చదువు కోసం పాత సంగతులు చదువుతూ నాకు ఒక్కొక్కటే చెప్పేది. అందులో ఒకటి నన్ను చాలా రోజులు వదల్లేదు. 1734 ప్రాంతంలో బోల్యూ అనే ఫ్రెంచి నౌకాదళ అధికారి పుదుచ్చేరిలో తన కళ్లెదుట గుడ్డ మీద బొమ్మ వేయించుకుని, ఒక్కో దశ అయ్యాక ఒక్కో ముక్క కత్తిరించి దాచుకున్నాడు. ఆ ముక్కలు, ఆయన రాసిన కాగితాలు పారిస్‌లో ఇప్పటికీ ఉన్నాయి. 1742లో కూర్దూ అనే జెస్యూట్ ఫాదిరి, తన దగ్గర క్రైస్తవం పుచ్చుకున్న అద్దకపువాళ్లను అడిగి తెలుసుకుని, అన్నీ విడమరిచి ఒక పెద్ద ఉత్తరం రాశాడు. ఆయనకు తెలుగు బాగా వచ్చు, తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువు కూడా కూర్చాడు. ఆ ఉత్తరంలో కరక్కాయ ఉంది, ఎనుము పాలు ఉన్నాయి. దాదాపు మూడు వందల ఏళ్ల కిందటి ఆ కాగితంలో ఉన్న పనే ఈ ఉదయం నేను నా పెరట్లో చేశాను. అది విన్నప్పుడు ఒళ్లు జలదరించింది.

అప్పట్లో ఫ్రాన్స్‌లో మన అద్దకపు గుడ్డల మీద నిషేధం ఉండేది, 1686 నుంచి 1759 దాకా. నిషేధం ఎత్తేసిన మరుసటి ఏడే, 1760లో, వెర్సాయ్ దగ్గర జూయీ ఊళ్లో ఓబర్‌కాంఫ్ అద్దకపు కార్ఖానా మొదలుపెట్టాడు. ఒక్క ఉత్తరం వల్లే ఇదంతా జరిగిందని నేను అనను. కానీ ఆ ఉత్తరాలు ఎవరి కోసం రాశారో, ఎవరి చేతికి వెళ్లాయో తెలుస్తూనే ఉంది. రంగుల గుట్టు చెప్పిన అద్దకపువాళ్ల పేర్లు మాత్రం చరిత్రకు అందలేదు. వాళ్లూ ఒక రకంగా రెస్పాండెంట్ 1, రెస్పాండెంట్ 2.

తర్వాత సామర్లకోటలో ఈస్టిండియా కుంపిణీ తరఫున పని చేసిన రాక్స్‌బర్గ్ దొర వచ్చాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన గ్రంథం మొదటి సంపుటం 1795లో వచ్చింది. మన ఎర్రరంగుకు మూలమైన చిరివేరు మొక్క బొమ్మ, దాంతో రంగు వేసే తీరు అందులో ఉన్నాయి. ఆ బొమ్మలు గీసింది మన దేశపు చిత్రకారులే. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ అనే ఆయన మన దేశపు గుడ్డల నుంచి 700 నమూనాలు కత్తిరించి 18 సంపుటాలుగా అంటించాడు. అలాంటి సెట్లు 20 చేస్తే 13 బ్రిటన్‌లో పెట్టారు, 7 మన దేశానికి ఇచ్చారు. ఇండియాలో ఏ గుడ్డ అమ్ముడుపోతుందో అక్కడి మిల్లులవాళ్లు చూసి నేసుకోవడానికి చేసిన పని అది. డాక్యుమెంటేషన్ అన్న మాట వింటే మాకు లోపల ఎక్కడో ఎందుకు బెదురు పుడుతుందో మీకు అర్థం కావాలనే ఇంత చెప్పాను.

మీరు మిల్లుల కోసం రాయడం లేదని నాకు తెలుసు. కానీ ఎవరి కోసం రాస్తున్నారు? మా కోసం అయితే అది మా భాషలో ఎందుకు లేదు, మా ఇంటికి ఎందుకు రాదు?

ఇప్పుడు ఇంకో అమ్మాయి గురించి చెప్పాలి. ఆమె కూడా పిహెచ్‌డీకే వచ్చింది. ఊళ్లో గది తీసుకుని నాలుగు నెలలు ఉంది. మొదటి నెలంతా మా నాయన ఆమె చేత కలం కట్టించాడు. వెదురు పుల్ల చెక్కడం, గుడ్డ చుట్టడం, దారం బిగించడం. చుట్టు వదులైతే రంగు కారుతుంది, బిగువైతే దిగదు. ఆమె పాడు చేసిన గుడ్డంతా ఆమే కొనుక్కుంది.

అదే ఏడు మా పసుపులు మసకబారడం మొదలైంది. కరకపువ్వుతో వేసిన పసుపు నిమ్మపండులా ఉండాల్సింది పోయి, మడ్డిగా వస్తోంది. గుడ్డ మారిందని మేము, పువ్వు పాతదని కొట్టువాడు. మా నాయన మాత్రం నీళ్లలోనే ఏదో ఉంది అనేవాడు. అంతకు ముందు ఏడే కొత్త బోరు వేయించాం. ఆయన ఒక రాత్రి కరక్కాయ గుడ్డ ముక్కలు రెండు తీసుకుని, ఒకటి బోరు నీళ్లలో, ఒకటి పక్క వీధి బావి నీళ్లలో వేశాడు. తెల్లారి చూస్తే బావి నీళ్ల ముక్క అలాగే ఉంది, బోరు నీళ్ల ముక్క బూడిద రంగుకు తిరిగింది. ఆ అమ్మాయి అదే నీళ్లను సీసాలో పట్టుకెళ్లి పరీక్ష చేయించింది. బోరు నీళ్లలో ఇనుము ఉందని కాగితం వచ్చింది. కరక్కాయలోని వగరుకు ఇనుము తగిలితే నల్లబడుతుంది, మీ కసిం కూడా అందుకే పని చేస్తుంది, మీ గుడ్డ ముక్కే ఇనుమును పట్టే పరీక్ష అని ఆమె మా నాయనకు చెప్పింది. ఆయన ఆ కాగితం చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు. ఇన్నాళ్లూ ఇదే చేస్తున్నానా అన్నాడు.

ఆ రోజు మా అరుగు మీద ఇద్దరు పరిశోధకులు కూర్చుని ఉన్నారు. నేను అలాగే అనుకుంటాను, ఇప్పటికీ.

ఆ నీళ్లు మానేసి బావి నీళ్లు మోసుకున్నాం, వాననీళ్లు పట్టుకున్నాం. పసుపు తిరిగి వచ్చింది. ఆమె తన పరిశోధనలో ఆ అధ్యాయం మొత్తాన్ని తెలుగులో ఆరు పేజీలు చేత్తో రాసి పంపింది, మా నాయన పేరుతో సహా. ఆ ఆరు పేజీలూ మా ట్రంకు పెట్టెలో ఉన్నాయి. మిగతా ఎవరూ ఏమీ పంపలేదు.

మా వాళ్లు చెప్పేదంతా సరైనదే అని కూడా నేను అనను. నల్ల గీత ఉన్నచోట పాత గుడ్డలు చిల్లులు పడి రాలిపోతాయి. పురుగు తిన్నదని మా నాయన నమ్మేవాడు. కసింలోని ఇనుమే ఏళ్లు గడిచేకొద్దీ నూలును తినేస్తుందని, మ్యూజియంలలో పాత గుడ్డలు కాపాడేవాళ్లకు ఇది పెద్ద తలనొప్పి అని తర్వాత తెలిసింది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 19వ శతాబ్దం నాటి మా ఊరి రామాయణం తెర ఉంది, బొమ్మల కింద తెలుగు అక్షరాలతో. అలాంటివాటిని దగ్గరగా చూసినవాళ్లకు మా తప్పులు మాకంటే బాగా కనపడతాయి. వచ్చి చెబితే నేర్చుకుంటాం. ప్రకృతి రంగులు కాబట్టి ఏ హానీ ఉండదు అనే మాట కూడా సగమే నిజం. ఎర్రరంగు మరగబెట్టే పొయ్యి పొగలో సాయంత్రం దాకా నిలబడే ఆడవాళ్ల దగ్గును ఎవరైనా కొలిచారా?

మాకు నిజంగా కావాల్సిన పరిశోధనలు ఇలాంటివి. స్వర్ణముఖిలో ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. ఎర్రరంగు పట్టడానికి పటిక రాసిన గుడ్డను పారే నీళ్లలో ఉతికితేనే, విడిపోయిన పటిక నీటితో పాటు కొట్టుకుపోతుంది. తొట్టిలో ఉతికితే అది తెల్లగా ఉండాల్సిన చోట కూర్చుని, ఎర్రరంగులో మరిగించాక అక్కడంతా గులాబీ చాయ వస్తుంది. తక్కువ నీళ్లతో పటికను వదిలించే ఉపాయం ఏమిటి? గుడ్డను తినని నలుపు చేయగలమా? స్క్రీన్ ప్రింట్ చీరను కలంకారీ అని అమ్ముతుంటే, కొనేవాళ్లు షాపులో నిలబడి తేడా పట్టే సులువైన పరీక్ష ఏదైనా ఉందా? ఈ ప్రశ్నల్లో ఏ ఒక్కదాని మీదా నాకు తెలిసి మా ఊరికి ఎవరూ రాలేదు. కలంకారీ కళాకారుల సామాజిక ఆర్థిక స్థితిగతులు అన్న పేరుతో మాత్రం నాలుగుసార్లు వచ్చారు.

ప్రశ్న ఎవరి నొప్పిలోంచి పుట్టిందన్నది పెద్ద విషయం. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి సంగతి మీకు తెలుసు. పోచంపల్లి పట్టుచీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పడానికి, ఆయన అమ్మగారు ఒక్క చీరకే తొమ్మిది వేలసార్లు చేయి అటూ ఇటూ ఆడించాల్సి వచ్చేది. ఆ భుజం నొప్పి చూడలేక, ఆరో తరగతితో బడి మానేసిన మనిషి ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశారు. దానికి అమ్మ పేరే పెట్టుకున్నారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఏటికొప్పాకలో సి.వి.రాజు గారు లక్క బొమ్మలకు మొక్కల రంగులు తిరిగి తెచ్చారు, 2023లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. మా ఊళ్లో జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారు బొమ్మలూ వేశారు, ఈ పని గురించి పుస్తకమూ రాశారు. వీళ్లు చేసింది పరిశోధన కాదని ఎవరంటారు? రెండో వైపు నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. మామిడిపూడి అన్నపూర్ణ గారు నేతవాళ్లతో, రంగులవాళ్లతో ఏళ్ల తరబడి పని చేశాక నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయంలో చేనేతలో కొత్తదనం ఎలా పుడుతుందన్న దాని మీద పిహెచ్‌డీ చేశారు. మాది పాత పద్ధతిని కాపలా కాయడం మాత్రమే కాదని, రోజూ ఆలోచించి చేసే పని అని అలాంటివాళ్లు చెప్పబట్టే మీ గదుల్లో ఆ మాట వినపడింది.

ఇక మా అమ్మాయి విషయం. ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకు రాస్తున్నానో దీంతో తెలుస్తుంది.

ఆమె పిహెచ్‌డీలో చేరింది. కసిం మీదే పని చేస్తానంది. కాలాన్ని బట్టి కుండ ఎలా మారుతుందో, మా నాయన చుక్క పరీక్షకూ ల్యాబు కొలతలకూ ఎంతవరకు పొంతన ఉందో చూడాలని ఆమె ఆశ. ప్రపోజల్‌లో ‘కుండ తయారయ్యే కాలం రుతువును బట్టి మారుతుంది’ అని రాసింది. దీనికి ఆధారం ఏమిటి అని అడిగారు. మా తాతయ్య, మా అమ్మ అని చెప్పింది. ఇంట్లోవాళ్ల మాట రిఫరెన్స్ కాదు, అచ్చయిన దాన్ని చూపించు అన్నారు. అచ్చయినవాటన్నిటికీ మూలం ఒక్కటే. మా నాయన రెస్పాండెంట్ 4గా ఉన్న ఆ గ్రంథం, 21 రోజులు. తన తాత చెప్పినదాన్ని తప్పుగా రాసిన పుస్తకాన్ని, తాతకు విరుద్ధంగా ఆమె ఉదహరించాలి. ఆ రాత్రి ఫోన్‌లో చాలాసేపు ఏడ్చింది. టెన్షన్ పడకు, మనం కుండ పెట్టి చూపిద్దాం అన్నాను. చూపిస్తే సరిపోదమ్మా, ఎవరో చూసి రాయాలి, ఆ రాసినవాళ్లు నువ్వు కాకూడదు అంది.

అచ్చులో ఉన్నదే నిజం, చేతిలో ఉన్నది నిజం కాదు అన్న ఆ నియమాన్ని మార్చమని నేను మిమ్మల్ని అడుగుతున్నాను. పనివాళ్లు చెప్పింది గుడ్డిగా నమ్మండి అనడం లేదు. పరీక్ష పెట్టండి. మా ఎదుట పెట్టండి, మా పరీక్షలతో పాటు పెట్టండి. మీరు రాసిన మా అధ్యాయాన్ని సమర్పించే ముందు తెలుగులో మాకు చదివి వినిపించండి. ఒక్క గంట చాలు, 21 రోజులు అని వినగానే మా నాయన చేయి అడ్డం ఊపి ఉండేవాడు.

పేర్లు రాయకపోవడం పరిశోధన నీతి అని మా అమ్మాయి చెప్పింది, చెప్పినవాళ్లకు ఇబ్బంది రాకుండా అట. అప్పుల గురించి, జబ్బుల గురించి, దళారుల గురించి చెప్పినప్పుడు ఆ నియమం మంచిదే, మా పేర్లు దాచండి. కానీ ఒక మనిషి తన తెలివి చెప్పినప్పుడు అదే నియమంతో పేరు తీసేస్తే, అతని సొత్తు తీసేసినట్టే. పేరు పెట్టాలా వద్దా అని మమ్మల్నే అడగండి. ఈ ఉత్తరం కింద నా పేరు లేదు. పేర్ల గురించి ఇంత అడిగి నేనే పేరు పెట్టకపోవడం నాకు బాధగానే ఉంది. మా అమ్మాయి చదువు ఇంకా మధ్యలో ఉంది, అందుకే పెట్టలేదు.

కూలి సంగతి కూడా ఒక మాట. మీవాళ్లు రెండు రోజులు మా దగ్గర కూర్చుంటే మాకు రెండు రోజుల పని పోతుంది. ఫీల్డ్‌వర్క్ ఖర్చుల్లో బస్సు చార్జీ, లాడ్జి అద్దె రాసుకుంటారు. అందులో మా రెండు రోజుల కూలి కూడా ఒక పద్దుగా రాయించండి.

యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2022లో ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ మార్గదర్శకాలు తెచ్చింది, పనిలో ఆరితేరినవాళ్లను అధ్యాపకులుగా తీసుకోవడానికి. డిగ్రీలు తప్పనిసరి కాదు, 15 ఏళ్ల అనుభవం ఉంటే చాలు, మంజూరైన పోస్టుల్లో 10 శాతం దాకా అలా తీసుకోవచ్చు. 2023లో చేతిపనివాళ్లను, కళాకారులను కాలేజీల్లో ఉంచుకుని పాఠాలు చెప్పించుకోవడానికి వేరే మార్గదర్శకాలు వచ్చాయి. అంటే తలుపు తీసే ఉంది. పెడనలో అచ్చులు చెక్కేవాళ్లు, పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకేవాళ్లు, పుట్టపాకలో తేలియా రుమాలు నేసేవాళ్లు ఉన్నారు. వాళ్లను ఏడాదికి ఒక రోజు డెమో కోసం పిలిచి శాలువా కప్పి పంపకండి. గైడు పక్కన ఇంకో కుర్చీ వేసి కూర్చోబెట్టండి. పిహెచ్‌డీ ఆఖరున జరిగే మౌఖిక పరీక్షలో (వైవా) వాళ్లకూ ఒక ప్రశ్న అడిగే హక్కు ఇవ్వండి. ఆ రోజు మా నాయన ఉండి ఉంటే ఒకే ప్రశ్న అడిగేవాడు: కుండ మూత తీసి చూశావా నాయనా?

మొన్న శుక్రవారం పెరట్లో కొత్త కసిం పెట్టాను. మా అమ్మాయి సెలవు పెట్టి వచ్చింది, రోజూ పొద్దున చలి ఎంత, ఎండ ఎంత అని నోటు పుస్తకంలో రాస్తోంది. రాత్రులు చల్లగా ఉన్నాయి కాబట్టి ఎప్పటికి అవుతుందో ఇప్పుడే చెప్పలేను. మీలో ఎవరికైనా రావాలని ఉంటే మా ఊరి కలంకారీవాళ్లలో ఎవరికైనా కబురు పెట్టండి, నాకు అందుతుంది. నురుగు విరిగిన రోజు ఫోన్ చేయిస్తాను. కరక్కాయ గుడ్డ ముక్కలు రెండు రకాలూ ఆరబెట్టి ఉంచాను. చుక్క మీ చేత్తోనే పెడుదురుగాని.

ఇట్లు,
శ్రీకాళహస్తి నుంచి ఒక కలంకారీ పనివాడి కూతురు, ఒక పరిశోధకురాలి తల్లి